మెడ డాప్లర్ ఎవరికి, ఎప్పుడు, ఎలా?

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు 29, ప్రపంచ పక్షవాత దినం, దగ్గర పడుతుంటే ఊరూరా 'స్ట్రోక్ ప్యాకేజీ' ఫ్లెక్సీలు లేస్తాయి. రక్తపరీక్షలు, ఈసీజీ, టూడీ ఎకో, మెడ నాళాల్లో రక్తం పారే తీరును అల్ట్రాసౌండుతో చూసే మెడ డాప్లర్, అన్నీ కలిపి ఒక రేటు. ఏ బాధా లేని నలభై ఏళ్ల మనిషి మెడకు జెల్ రాయించుకుని, 'మైల్డ్ అథెరోస్క్లెరోటిక్ ఛేంజెస్' (నాళాల గోడల్లో కొద్దిపాటి గార) అని రాసిన కాగితం పట్టుకుని బెంగతో ఇంటికి వెళ్తాడు. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయి, పది నిమిషాలు మాట ముద్దగా వచ్చి, మళ్లీ మామూలైపోయిన పెద్దాయన మాత్రం 'తగ్గిపోయిందిగా' అని పడక్కుర్చీలో వాలిపోతాడు. స్కాన్ కావలసింది ఆ పెద్దాయనకు, అదీ ఆ రోజే. ఈ తారుమారు చాలా కుటుంబాలను ముంచుతోంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. దయచేసి కుదించకుండా ప్రచురించండి.

మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం వచ్చి కాసేపట్లో పోతే దాన్ని టీఐఏ అంటారు. వాడుకలో మినీ స్ట్రోక్. ఒక కంటికి పైనుంచి నల్ల తెర దించినట్టయి, కొద్ది నిమిషాల్లో ఆ తెర తొలగిపోవడం కూడా ఇందులో భాగమే. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి 'కన్ను బాగానే ఉంది' అనిపించుకుని ఊరుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి అది మెడలోని కెరోటిడ్ ధమని నుంచి చిన్న ముక్క ఊడి కంటికి వెళ్లే రక్తనాళంలో పడ్డ గుర్తు కావచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియాలో టీఐఏతో అత్యవసర విభాగాలకు వచ్చిన వాళ్లను వరసగా గమనించి 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం, నూటికి పదిమందికి పైగా 90 రోజుల్లో పూర్తి పక్షవాతం వచ్చింది. అందులో సగం మొదటి రెండు రోజుల్లోనే. 2007లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ఇలాంటి వాళ్లకు వచ్చిన రోజే పరీక్షలు చేసి, వచ్చిన రోజే మందులు మొదలుపెడితే ఆ పది శాతం రెండుకు పడిపోయింది. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందులనే వారాల తర్వాత కాకుండా ఆ రోజే ఇచ్చారు, అంతే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. లక్షణాలు ఇంకా ఉంటే అది టీఐఏ అవునా కాదా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలు. సీటీ తీయకముందు ఇంట్లో ఆస్పిరిన్ కూడా వేయకండి, ఎందుకంటే రక్తం ఆగి వచ్చిన పక్షవాతానికీ, నాళం చిట్లి వచ్చిన దానికీ పైకి తేడా తెలియదు.

మెడ స్కాన్‌కు ఎందుకింత తొందర? కెరోటిడ్ ధమని 70 శాతానికి పైగా మూసుకుపోయి, ఆ పక్క నుంచే లక్షణాలు వచ్చిన వాళ్ల మీద ఉత్తర అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 1991లో వెలువడింది. మందులు మాత్రమే తీసుకున్న వాళ్లలో రెండేళ్లలో నూటికి 26 మందికి ఆ పక్క పక్షవాతం వచ్చింది. ఆపరేషన్ చేసి నాళం లోపలి గోడకు పేరుకున్న గారను తీసేసిన వాళ్లలో 9 మందికే. ఇక ఆలస్యం విలువ చూడండి. సగానికి పైగా మూసుకుపోయిన వాళ్లకు లక్షణం వచ్చిన రెండు వారాల్లోపు ఆపరేషన్ అయితే, ఐదేళ్లలో ఒక పక్షవాతం తప్పించడానికి ఐదుగురికి చేస్తే సరిపోయింది. పన్నెండు వారాలు దాటాక చేస్తే 125 మందికి చేయాల్సి వచ్చింది. అదే కత్తి, అదే చెయ్యి. డాప్లర్ అపాయింట్‌మెంటు 'వచ్చే నెల' అని ఇచ్చే చోట ఆ రెండు వారాలు క్యూలోనే కరిగిపోతాయి.

ప్యాకేజీలో వచ్చే మనిషి సంగతి వేరు. ఏ లక్షణమూ లేని వెయ్యి మందిని తీసుకుని, అందులో నిజంగా బాగా మూసుకుపోయిన వాళ్లు పదిమంది ఉన్నారనుకుందాం. మెడ డాప్లర్ వందలో 94 నిజమైన బ్లాకులను పట్టుకుంటుంది, బ్లాకు లేని వాళ్లలో వందకు 92 మందికి సరిగ్గా లేదనే చెబుతుంది. మంచి పరీక్షే. అయినా లెక్క వేస్తే పదిలో తొమ్మిదిమంది దొరుకుతారు, వాళ్లతో పాటు ఏ బ్లాకూ లేని 79 మంది కూడా 'బ్లాక్' అన్న ముద్రతో బయటికొస్తారు. ఆ 79 మందికి కాంట్రాస్టు (నాళాలు తేటగా కనిపించేలా చేసే మందు) ఎక్కించి నాళాల బొమ్మ తీసే సీటీ యాంజియో, ఆ తర్వాత కొందరికి అక్కర్లేని చికిత్స. అందుకే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2014లోనూ, మళ్లీ 2021లోనూ లక్షణాలు లేని సాధారణ జనానికి ఈ స్క్రీనింగ్ వద్దని స్పష్టంగా చెప్పింది. రిపోర్టుల్లో 'ఐఎంటీ 0.9 మిల్లీమీటర్లు' అని వచ్చే నాళపు గోడ మందం కూడా అంతే. ప్రోబు కొద్దిగా వాలినా మిల్లీమీటరులో పదో వంతు మారిపోయే కొలత అది. దాన్ని రోజువారీ రిస్కు లెక్కకు వాడొద్దని అమెరికా హృద్రోగ సంఘాల 2013 మార్గదర్శకాలు తేల్చాయి. అయితే మందం వేరు, గార వేరు. గోడ ఒకచోట ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటి లోపలికి పొడుచుకొస్తే అది గార, దాన్నే ప్లాక్ అంటాం. ఎవరికైనా అలా కనిపిస్తే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ విషయంలో గట్టిగా పట్టించుకోవాల్సిందే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల గురించి డాక్టరును అడగాల్సిందే.

ఇక స్కాన్ ఎలా తీయాలన్నది. ఇక్కడే ఎక్కువ చెప్పాల్సి ఉంది, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే పుడతాయి.

పరగడుపుతో రానక్కర్లేదు. మెడలో గొలుసు తీసి, కాలరు వదులు చేసుకుంటే చాలు. దిండు తీసేసి, భుజాల కింద మడత పెట్టిన టవల్ ఉంచి, గడ్డం కొంచెం పైకెత్తి, తల అవతలి పక్కకు తిప్పాలి. 7 నుంచి 10 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబుతో ముందు అడ్డంగా, కాలరు ఎముక నుంచి దవడ కింది దాకా మొత్తం చూడాలి. తర్వాత నిలువుగా. కామన్ కెరోటిడ్, అది ఉబ్బెత్తుగా అయ్యే బల్బు, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే ఇంటర్నల్, ముఖానికి వెళ్లే ఎక్స్‌టర్నల్, వెనక వెన్నుపూసల మధ్య నుంచి పైకి పోయే వర్టిబ్రల్, ఇవన్నీ రెండు పక్కలా. సరిగ్గా తీస్తే ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. ఐదు నిమిషాల్లో లేపేస్తే రెండో పక్కకు అర్థం లేదు.

ఇంటర్నల్‌ను, ఎక్స్‌టర్నల్‌ను ఒకదానికొకటి పొరబడటం కొత్తవాళ్లు చేసే తప్పు. దానికో చిన్న కిటుకు ఉంది. చెవి ముందు, కణత మీద వేలితో టకటకా తడితే ఎక్స్‌టర్నల్ తరంగం మీద రంపపు పళ్లలాంటి చిన్న చిన్న గీతలు పడతాయి. ఇంటర్నల్ మీద అవి పడవు, పడినా లీలగా ఉంటాయి. పైగా మెదడుకు రక్తం గుండె కొట్టుకోవడం మధ్యలో కూడా ఆగకుండా కావాలి కాబట్టి ఇంటర్నల్ తరంగం అడుగు దాకా దిగదు, ఎక్స్‌టర్నల్‌ది దిగిపోతుంది.

అసలు చిక్కు కోణంలో ఉంది. డాప్లర్ నేరుగా వేగాన్ని కొలవదు. శబ్ద తరంగం రక్తప్రవాహాన్ని ఏ కోణంలో తాకిందో మనం తెర మీద గీత తిప్పి చెబితే, దాని కొసైన్‌తో భాగించి మెషీను వేగాన్ని చూపిస్తుంది. ఆ కోణం 60 డిగ్రీలు దాటకూడదు. నిజమైన కోణం 60, నిజమైన వేగం సెకనుకు 110 సెంటీమీటర్లు అనుకోండి. గీత ఐదు డిగ్రీలు తప్పి 65 దగ్గర పెడితే తెర మీద 130 వస్తుంది. 125 దాటితే సగానికి పైగా బ్లాకు అని రాయడం ఆనవాయితీ. అంటే ఏ లోపమూ లేని మనిషికి ఐదు డిగ్రీల తేడాతో రోగం అంటగట్టాం. అదే ఐదు డిగ్రీలు 70 దగ్గర తప్పితే పొరపాటు 30 శాతం దాటుతుంది. మెలికలు తిరిగిన నాళాల్లో ఈ గొడవ మరీ ఎక్కువ.

అమెరికా రేడియాలజిస్టుల బృందం 2003లో ప్రచురించిన హద్దులనే మన దగ్గరా ఎక్కువమంది వాడుతున్నారు. ఇంటర్నల్ కెరోటిడ్‌లో గరిష్ఠ వేగం 125 లోపు ఉంటే సగం కన్నా తక్కువ ఇరుకు, 125 నుంచి 230 మధ్య 50 నుంచి 69 శాతం, 230 దాటితే 70 శాతం పైన. గుండె విశ్రాంతిలో ఉన్నప్పటి వేగం 100 దాటడం, ఇంటర్నల్ వేగం కామన్ కన్నా నాలుగు రెట్లు మించడం కూడా 70 శాతం పైనే అనడానికి తోడు సాక్ష్యాలు. ఆ సాక్ష్యాలు ఎందుకంటే, ఒక్క వేగం నమ్మించి మోసం చేస్తుంది. అవతలి పక్క కెరోటిడ్ పూర్తిగా మూసుకుపోతే రక్తమంతా ఇటు మళ్లి ఇరుకు లేని చోట కూడా వేగం పెరుగుతుంది. గుండె పంపింగు బాగా తగ్గిన వాళ్లలో, అయోర్టిక్ వాల్వు ఇరుకైన వాళ్లలో నిజమైన బ్లాకు దగ్గర కూడా వేగం తక్కువగానే కనిపిస్తుంది. అన్నిటికన్నా మోసకారి వెంట్రుకవాసి సందు. నాళం దాదాపు మూసుకుపోయాక వేగం పెరగదు, పడిపోతుంది. మెషీనులో స్పీడు స్కేలు తగ్గించి, వాల్ ఫిల్టరు దించి, పవర్ డాప్లర్ పెట్టి వెతక్కపోతే ఆ సన్నటి ధార కనిపించక 'పూర్తిగా మూసుకుపోయింది' అని రాసేస్తారు. పూర్తిగా మూసుకుపోయిన దానికి సాధారణంగా ఆపరేషన్ ఉండదు. కాబట్టి ఆ మాట రాసేముందు సీటీ యాంజియోతో సరిచూసుకోవాలి. సున్నం పట్టిన గార ముందు నిలిచి నీడ పరిస్తే, ఆ నీడలో ఏముందో కనిపించలేదని రిపోర్టులో నిజాయతీగా రాయాలి.

'60 శాతం బ్లాక్' అన్న ఒక్క ముక్క రాసి ఇచ్చే రిపోర్టులు మాకు చాలా బాధ కలిగిస్తాయి. దేనిలో 60? ఒక మెడను తీసుకుందాం. బల్బు వెడల్పు 8 మిల్లీమీటర్లు, గార పోగా మిగిలిన దారి 4, పైన మామూలుగా ఉన్న ఇంటర్నల్ 5. బల్బు వెడల్పుతో పోల్చే యూరప్ పద్ధతిలో అది 50 శాతం. పైన బాగున్న నాళంతో పోల్చే ఉత్తర అమెరికా పద్ధతిలో 20 శాతం. అడ్డుకోత వైశాల్యంతో లెక్కిస్తే 75 శాతం. ఒకే మనిషి, ఒకే రోజు, మూడు రిపోర్టులు! ఆపరేషన్ నిర్ణయాలకు ఆధారమైన 70 శాతం ఉత్తర అమెరికా పద్ధతిది. వైశాల్యం లెక్క చూసి ఎవరైనా స్టెంటు మాట ఎత్తితే ముందు కొలత పద్ధతి అడగండి.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే రెండు పక్కల ఇంటర్నల్, కామన్ నాళాల వేగాలు, వాటి నిష్పత్తి, గార ఎక్కడ ఉంది, మెత్తగా ఉందా సున్నం పట్టిందా, వర్టిబ్రల్‌లో రక్తం ఏ దిక్కుకు పోతోంది అన్నవి అంకెలతో సహా ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి. అది మీ హక్కు. వర్టిబ్రల్‌లో రక్తం పైకి కాకుండా కిందికి పోతుంటే రెండు చేతులకూ బీపీ చూడాలి. తేడా బాగా ఉంటే చేతి నాళం మొదట్లోనే ఇరుకు ఉన్నట్టు.

మెడ బాగుంటే ఊపిరి పీల్చుకోవడానికి లేదు. మన దేశంలోనూ, తక్కిన ఆసియా దేశాల్లోనూ పుర్రె లోపలి నాళాలు ఇరుకవడం పాశ్చాత్యుల కన్నా ఎక్కువ. మెడ మీద పెట్టిన ప్రోబుకు అవి అందవు. వాటికి ఎమ్మార్ యాంజియో గానీ సీటీ యాంజియో గానీ కావాలి. కాంట్రాస్టు లేకుండా తీసే ఎమ్మార్ యాంజియోలో రక్తం సుడి తిరిగే చోట సిగ్నల్ పోయి, ఉన్న ఇరుకు మరింత పెద్దదిగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. లోపల ఇరుకు కనిపించగానే స్టెంటు అనడమూ తగదు. 2011లో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఇలా స్టెంటు వేసిన వాళ్లలో 30 రోజుల్లోనే నూటికి దాదాపు 15 మందికి పక్షవాతమో మరణమో సంభవిస్తే, గట్టిగా మందులు వాడిన వాళ్లలో 6 లోపే.

ఇక గుండె. 'టూడీ ఎకో నార్మల్, కాబట్టి గుండె నుంచి గడ్డ రాలేదు' అన్న మాట రోజూ వింటున్నాం. ఛాతీ మీద నుంచి తీసే ఎకో పంపింగును, వాల్వులను, గుండెపోటు తర్వాత ఎడమ జఠరిక కొసన పేరుకునే గడ్డను చూపిస్తుంది, అదీ ఆ కొసను కుదించకుండా పూర్తి పొడవున తీస్తే. గుండె లయ తప్పినప్పుడు గడ్డలు ఎక్కువగా తయారయ్యే చోటు ఎడమ కర్ణికకు చెవిలా వేలాడే చిన్న సంచి. అది ఈ ఎకోలో సరిగా కనిపించదు. గొంతులోంచి గొట్టం దించి తీసే ఎకో కావాలి. అసలు లయ తప్పిందా లేదా అన్నది ఎకో చెప్పదు, ఈసీజీ చెబుతుంది. ఒక్క ఈసీజీలో దొరక్కపోతే హోల్టర్ (ఒంటికి తగిలించుకునే చిన్న ఈసీజీ మెషీను) పెట్టి ఒక రోజు, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు చూడాలి. ఖర్చు లేని పని ఒకటుంది. ఇంట్లో అరవై దాటిన వాళ్ల మణికట్టు దగ్గర నాడి ఒక నిమిషం పట్టి చూడండి. దెబ్బ దెబ్బకూ మధ్య ఎడం క్రమం లేకుండా తప్పుతుంటే వెంటనే ఈసీజీ తీయించండి. ఇలా గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లు. దాంతోపాటు కీళ్లవాతం జ్వరం వల్ల మైట్రల్ వాల్వు ఇరుకై ఉంటే పదిహేడు రెట్లు. ఇది మన పల్లెల్లో వయసులో ఉన్న ఆడవాళ్లలో ఇంకా కనిపించే జబ్బు. వీళ్లకు ఆస్పిరిన్ చాలదు. రక్తం పలచబరిచే కొత్త మాత్రలూ సరిపోవని 2022లో తేలింది. రక్తం గడ్డకట్టే తీరును చెప్పే ఐఎన్‌ఆర్ అంకె 2 నుంచి 3 మధ్య ఉండేలా పాత వార్ఫరిన్ లేదా ఎసిట్రామ్ వాడాల్సిందే.

చివరగా, ఈ పరీక్ష ముందుగా అందాల్సిన చిన్న పిల్లల గురించి. ఏజెన్సీలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న పిల్లలకు పుర్రె అడుగున ఉన్న పెద్ద నాళాలే ఇరుకై బడి వయసులో పక్షవాతం వస్తుంది. కణత మీద 2 మెగాహెర్ట్జ్ ప్రోబు పెట్టి లోపలి నాళాల వేగం కొలిచే ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్‌కు సూది లేదు, రేడియేషన్ లేదు. వేగం సెకనుకు 170 సెంటీమీటర్ల లోపు అయితే ఏడాదికోసారి మళ్లీ చూడాలి. 170 నుంచి 199 అయితే ముందుగానే మళ్లీ తీయాలి. 200 దాటి, మరోసారి తీసినా అలాగే ఉంటే చికిత్స మొదలుపెట్టాలి. 1998లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో అలాంటి పిల్లలకు క్రమంగా రక్తం ఎక్కిస్తే పక్షవాతాలు 92 శాతం తగ్గాయి. నెలనెలా రక్తం దొరకని చోట హైడ్రాక్సీయూరియా అనే మందు దారి ఉంది.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద నలభై ఏళ్లలోపు వాళ్లకు రక్తపరీక్షలు చేస్తున్నారు. ఫలితంలో జబ్బు ఉందని తేలిన రెండేళ్ల నుంచి పదహారేళ్ల పిల్లలకు రంగు కార్డు ఇచ్చి పంపడంతో పని అయిపోకూడదు. అరకు, పాడేరు, ఉట్నూరు, భద్రాచలం ఆసుపత్రుల్లో నెలకు ఒక రోజైనా ఈ డాప్లర్ జరగాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ కోరుతున్నాం. జబ్బు లేకుండా వాహకులుగా మాత్రమే ఉన్న పిల్లలకు ఇది అక్కర్లేదు, కాబట్టి సంఖ్య భరించలేనంత పెద్దదేమీ కాదు. మెషీను నడిపేవాళ్లకు మూడు సంగతులు నేర్పాలి. హద్దులుగా చెప్పిన 170, 200 అన్నవి తరంగం కొస వేగానికి కాలం మీద తీసిన సగటు. ఒక్క శిఖరం అంకె చూసి 200 దాటిందంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని కూడా రోగుల్ని చేస్తాం. బొమ్మ చూపించే మామూలు అల్ట్రాసౌండు మెషీనుతో తీస్తే అంకె కొంచెం తక్కువ వస్తుంది, హద్దు అందుకు తగ్గట్టు దించుకోవాలి. పరీక్షప్పుడు బిడ్డ మేలుకుని, ఏడవకుండా, జ్వరం లేకుండా ఉండాలి. నిద్రపోతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మెదడుకు రక్తం వేగం తనంతట తానే పెరుగుతుంది. తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, చేతికో బొమ్మ ఇచ్చి తీస్తే అరగంటలో అయిపోతుంది.

ఇట్లు,
పక్షవాత వైద్యంలోనూ, రక్తనాళాల స్కానింగులోనూ పనిచేస్తున్న కొందరు వైద్యులు, సోనాలజిస్టులు